వీల్యాన్ చేశాక ఐపీ రావట్లేదా? స్విచ్ బాగానే ఉంది, రూటర్ సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే కింద సరిచేయండి. రెండు ఫ్లోర్ల డయాగ్నస్టిక్ సెంటర్, ఇన్నాళ్లూ మామూలు స్విచ్‌లతో నడిచింది, ఇప్పుడు 24 పోర్టుల పీఓఈ (నెట్ కేబుల్ మీదే కరెంటూ ఇచ్చే) మేనేజ్డ్ (సెట్టింగ్స్ మార్చుకోగలిగే) స్విచ్ కొన్నారు. ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా చీల్చే వీల్యాన్లు పెట్టి, రిసెప్షన్, బిల్లింగ్‌కి వీల్యాన్ 10, ల్యాబ్ మెషిన్లకి 20, కెమెరాలకి 30, పేషెంట్ల వైఫైకి 40 అని నాలుగు చేసి పోర్టులు పంచారు. పంచిన మరుక్షణం బిల్లింగ్ సిస్టమ్స్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్ నంబర్) పోయింది, ల్యాబ్ మెషిన్లు ఒకదానికొకటి కనిపిస్తున్నాయి గానీ నెట్ లేదు, ఒకట్రెండు పోర్టుల్లో మాత్రం విచిత్రంగా పాత 192.168.1 రేంజ్ ఐపీయే వస్తోంది. నెట్ వచ్చేది ఫైబర్ వాళ్లు బిగించి వెళ్లిన వైఫై డబ్బా నుంచి. స్విచ్ డిఫెక్టివ్ పీసా, వాపస్ ఇచ్చేయాలా అన్నారు.

వద్దండి, ఇవ్వకండి. స్విచ్ మీరు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. వీల్యాన్ పని విడగొట్టడం వరకే, మళ్లీ కలపడం రూటర్ పని. మీరు గోడలు కట్టారు, తలుపులు పెట్టలేదు, అంతే. మీ డబ్బాకి ఒకే ఒక నెట్‌వర్క్ తెలుసు, అది వీల్యాన్ 1లో కూర్చుంది, దాని డీహెచ్‌సీపీ, అంటే ఐపీలు పంచే సర్వీసు, మిగతా నాలుగింటికీ చేరే దారే లేదు. కాబట్టి కావాల్సినవి మూడు: ఒకటి, నాలుగు వీల్యాన్లలోనూ కాలు పెట్టగలిగే రూటర్. రెండు, స్విచ్ నుంచి ఆ రూటర్‌కి వెళ్లే పోర్టు నాలుగింటికీ ట్యాగ్డ్ (అంటే ఏంటో కింద చెప్తాను) అయి ఉండటం. మూడు, మీ స్విచ్‌లో పీవీఐడీ అనే పేజీ వేరే ఉంటుంది, అది ఒకసారి తెరిచి చూడటం. పాత ఐపీ వస్తోందన్న ఆ ఒకట్రెండు పోర్టుల సంగతి దాదాపు కచ్చితంగా అక్కడే ఉంది.

ఇక వివరంగా. నేను ఆఫీసులకి, కాలేజీలకి, చిన్న హాస్పిటల్స్‌కి ఈ పని చేస్తూ ఉంటాను కాబట్టి మీలాంటి సెటప్పులు బాగా తెలుసు, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ట్యాగ్ అంటే ఏంటి అని అడిగారు కదా. 802.1క్యూ అనే స్టాండర్డ్ 1998లో వచ్చింది, ఇప్పుడు ఏ కంపెనీ స్విచ్ అయినా దాన్నే వాడుతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్ (కేబుల్ మీద పోయే డేటా పొట్లం) మధ్యలో 4 బైట్ల ముక్క ఒకటి చొప్పిస్తారు, అందులో 12 బిట్లు వీల్యాన్ నంబర్‌కి. 12 బిట్లంటే 4096 విలువలు, మొదటిదీ చివరిదీ వాడకూడదు, మిగిలినవి 1 నుంచి 4094. మీకు నాలుగైదు చాలు. ఆ 4 బైట్ల వల్ల ఫ్రేమ్ గరిష్ఠ సైజు 1518 నుంచి 1522 అవుతుంది, ఈ కాలం గేర్‌కి అదేం లెక్క కాదు.

మామూలు కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి, కెమెరాకి ఈ ట్యాగ్ గొడవ తెలీదు, తెలియక్కర్లేదు. అవి ఉత్త ఫ్రేమ్ పంపుతాయి, స్విచ్ లోపలికి తీసుకునేటప్పుడు ఇది ఫలానా వీల్యాన్ అని గుర్తు పెట్టుకుంటుంది, బయటికి ఇచ్చేటప్పుడు ఉత్త ఫ్రేమే ఇస్తుంది. ఇలాంటి పోర్టుని సిస్కో వాళ్లు యాక్సెస్ పోర్ట్ అంటారు, మిగతావాళ్లు అన్‌ట్యాగ్డ్ అంటారు. రెండు స్విచ్‌ల మధ్య గానీ, స్విచ్‌కీ రూటర్‌కీ మధ్య గానీ, స్విచ్‌కీ వైఫై యాక్సెస్ పాయింట్‌కీ మధ్య గానీ ఒకే కేబుల్ మీద నాలుగు వీల్యాన్లూ వెళ్లాలంటే ట్యాగ్ ఉంచి పంపాలి, అది సిస్కోలో ట్రంక్, మిగతా చోట్ల ట్యాగ్డ్. జాగ్రత్త, హెచ్‌పీ పాత స్విచ్‌లలో ట్రంక్ అని కనిపిస్తే అది రెండు మూడు కేబుళ్లని కట్టగట్టి ఒకటిగా వాడే ఆప్షన్, వీల్యాన్‌తో సంబంధం లేదు. యూట్యూబ్‌లో సిస్కో వీడియో చూసి హెచ్‌పీలో ట్రంక్ నొక్కి తల పట్టుకున్నవాళ్లు బోలెడు మంది.

పీవీఐడీ సంగతి. మీ స్విచ్ వెబ్ పేజీతో కాన్ఫిగర్ చేసే రకం అంటున్నారు, వాటిలో చాలావాటికి రెండు వేర్వేరు పేజీలుంటాయి. ఒకదాంట్లో ఏ వీల్యాన్‌లో ఏ పోర్టు మెంబరో, ట్యాగ్డా అన్‌ట్యాగ్డా అని పెడతారు, ఇది బయటికి వెళ్లే ఫ్రేమ్‌ల గురించి. రెండోది పీవీఐడీ, ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చిన ఫ్రేమ్‌ని ఏ వీల్యాన్‌లో వేయాలి అన్నది. సిస్కోలో యాక్సెస్ వీల్యాన్ ఒక్క కమాండ్ ఇస్తే రెండూ మారతాయి, ఇక్కడ అలా కాదు, రెండూ మీరే మార్చాలి.

ఇప్పుడు మీ కేసు చూడండి. పోర్టు 5ని వీల్యాన్ 10లో అన్‌ట్యాగ్డ్‌గా పెట్టారు, కానీ పీవీఐడీ 1గానే వదిలేశారు, పైగా డిఫాల్ట్‌గా ఉన్న వీల్యాన్ 1 మెంబర్‌షిప్ కూడా తీయలేదు. సిస్టమ్ ఐపీ కోసం అడిగే ఫ్రేమ్ పీవీఐడీ ప్రకారం వీల్యాన్ 1లోకి పోయింది, అక్కడ ఫైబర్ డబ్బా ఉంది, అది 192.168.1 ఐపీ ఇచ్చింది, ఆ పోర్టు ఇంకా వీల్యాన్ 1లో కూడా మెంబరే కాబట్టి జవాబు చక్కగా తిరిగొచ్చింది. అదీ విచిత్రం. పీవీఐడీ మార్చిన పోర్టుల్లో అసలు ఐపీయే రాలేదు, మార్చడం మర్చిపోయిన పోర్టుల్లో పాత ఐపీ వచ్చింది. అంటే మీరు సరిగ్గా చేసినవే పాడైనట్టు కనిపించాయి, చేయనివి బాగున్నట్టు కనిపించాయి. అందుకే మీకు స్విచ్ మీద అనుమానం వచ్చింది, ఎవరికైనా వస్తుంది.

రూల్ సింపుల్: సిస్టమ్, కెమెరా, ప్రింటర్ ఉన్న ప్రతి పోర్టూ ఒకే ఒక వీల్యాన్‌లో అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ అదే నంబర్, వీల్యాన్ 1 నుంచి తీసేయడం. మూడూ అయితేనే ఆ పోర్టు అయినట్టు.

సరే, రూటర్. ఫైబర్ వాళ్లు ఇచ్చే డబ్బాల్లో ల్యాన్ వైపు వీల్యాన్లు చేసుకునే ఆప్షన్ మామూలుగా కస్టమర్‌కి కనిపించదు. కొన్ని ఎఫ్‌టీటీహెచ్ (ఇంటిదాకా ఫైబర్) కనెక్షన్ల సెట్టింగ్స్‌లో వీల్యాన్ ఐడీ అని ఒక బాక్స్ కనిపిస్తుంది, అది చూసి ఆశపడకండి, దాన్ని కదపకండి కూడా. అది వాళ్ల నెట్‌వర్క్ వైపుది, మారిస్తే నెట్టే పోతుంది, మళ్లీ వాళ్ల మనిషి వచ్చేదాకా సెంటర్ ఆగిపోతుంది.

మీకు మూడు దారులున్నాయి. మైక్రోటిక్ లాంటి చిన్న రూటర్ ఒకటి కొనడం. లేదా పాత డెస్క్‌టాప్‌లో గానీ చిన్న బాక్స్‌లో గానీ పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి రూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం. లేదా వీల్యాన్ సపోర్ట్ ఉన్న ఏదైనా చిన్న ఆఫీసు రూటర్. మూడింట్లో దేనికైనా పద్ధతి ఒకటే, స్విచ్ నుంచి ఒకే కేబుల్ వస్తుంది, దాని మీద నాలుగు వీల్యాన్లు ట్యాగ్డ్‌గా వస్తాయి, రూటర్‌లో ఆ పోర్టు మీద నాలుగు వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు చేస్తారు, ఒక్కోదానికి ఒక్కో ఐపీ, ఒక్కో డీహెచ్‌సీపీ పూల్. మీ సైజుకి నేనైతే ఇదే చేస్తా, వేరే ఆలోచన పెట్టుకోను.

లేయర్ 3 స్విచ్ కొంటే రూటర్ అక్కర్లేదు కదా అని షాపులో చెప్తారు. అక్కర్లేదు అనేది సగం నిజం. అది వీల్యాన్ల మధ్య రూటింగ్ వేగంగా చేస్తుంది, నిజమే, కానీ మీ డబ్బాకి 192.168.10 అనే నెట్‌వర్క్ ఫలానా స్విచ్ వెనక ఉంది అని స్టాటిక్ రూట్ చెప్పాలి, ఆ రేంజ్‌లకి అది నాట్ (లోపలి ఐపీలని ఒకే బయటి ఐపీగా మార్చి నెట్‌కి పంపడం) కూడా చేయాలి. చాలా డబ్బాలు ఈ రెండూ చేయవు, లేదా ఆ మెనూ లాక్ అయి ఉంటుంది. అప్పుడు వీల్యాన్ల మధ్య పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందా అని చూసే పరీక్ష) అద్భుతంగా వెళ్తుంది, నెట్ మాత్రం రాదు. పైగా కెమెరా నుంచి బిల్లింగ్ సిస్టమ్‌కి ఎవరూ పోకూడదు లాంటి రూల్స్ లేయర్ 3 స్విచ్‌లో రాయడం విసుగు పని, అది ఫైర్‌వాల్ కాదు కాబట్టి వెళ్లే ప్యాకెట్‌కీ తిరిగొచ్చే జవాబుకీ విడివిడిగా రాసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. మీలాంటి సెంటర్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ల్యాబ్ మెషిన్లు. సెల్ కౌంటర్, బయోకెమిస్ట్రీ అనలైజర్ లాంటివి ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సర్వర్‌కి రిజల్ట్ పంపుతుంటాయి, వాటికి కంపెనీ ఇంజినీర్ వచ్చి ఫిక్స్‌డ్ ఐపీ, గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ ఐపీ) కొట్టి వెళ్లుంటాడు, కొన్నిట్లో ఆ మెనూకి పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మీరు వీల్యాన్ 20 కదా అని 192.168.20 రేంజ్ పెడితే ప్రతి మెషిన్ దగ్గరకీ ఆ ఇంజినీర్‌ని పిలవాలి, ఆయన ఎప్పుడొస్తాడో తెలీదు, ఈలోపు రిపోర్టులు చేత్తో ఎక్కించాలి.

అందుకని నేను ఇలాంటి చోట్ల తిరగేసి చేస్తాను. కదలనివాటిని కదపకండి, కదిలేవాటిని కదపండి. పాత 192.168.1 రేంజ్‌ని అలాగే ఉంచి దాన్నే వీల్యాన్ 20కి ఇచ్చేయండి. కొత్త రూటర్‌కి ఆ వీల్యాన్‌లో ఇంతకుముందు డబ్బాకి ఉన్న గేట్‌వే ఐపీయే ఇవ్వండి, 192.168.1.1 అయితే అదే. మెషిన్లకి ఏమీ మారినట్టే తెలీదు. బిల్లింగ్ సిస్టమ్స్, ఫోన్లు, వైఫై ఇవన్నీ ఎలాగూ డీహెచ్‌సీపీ మీదే ఉన్నాయి, కేబుల్ పీకి పెడితే కొత్త రేంజ్ తీసుకుంటాయి. డబ్బా వైపు మాత్రం రేంజ్ మార్చాలి, ఎందుకంటే రూటర్‌కి బయటివైపూ లోపలివైపూ ఒకే రేంజ్ ఉంటే పని చేయదు. డబ్బా ల్యాన్ ఐపీ 192.168.100.1 లాంటిదేదో చేయండి, లేదా ఫైబర్ వాళ్లని అడిగి బ్రిడ్జ్ మోడ్ (డబ్బా రూటింగ్ మానేసి నెట్‌ని నేరుగా మీ రూటర్‌కి దాటించే పద్ధతి) పెట్టించుకోండి, అదింకా మంచిది. వీల్యాన్ నంబరే ఐపీలో మూడో అంకె అనే అందమైన లెక్క ఈ ఒక్క చోట చెడుతుంది. చెడనివ్వండి. మిగతావాటికి పాటించండి, 10కి 192.168.10, 30కి 192.168.30, ఆర్నెల్ల తర్వాత ఐపీ చూడగానే ఎక్కడిదో తెలుస్తుంది.

ఒకటి చూసుకోండి, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సర్వర్ ఎక్కడుంటుంది? మెషిన్లతోపాటు 20లోనే ఉంచండి. మెషిన్‌కీ సర్వర్‌కీ మధ్య రూటర్ రాకూడదు, రూటర్ రీస్టార్ట్ అయినా రిజల్టులు ఆగకూడదు. బిల్లింగ్ వాళ్లకి ఆ సర్వర్ కావాలి కాబట్టి 10 నుంచి ఆ ఒక్క సర్వర్ ఐపీకి, ఆ సాఫ్ట్‌వేర్ వాడే పోర్టుకి మాత్రం రూల్ ఇవ్వండి. ల్యాబ్ మెషిన్ల పక్కన ఉండే సిస్టమ్స్‌లో చాలాచోట్ల పాత విండోస్ 7 ఇంకా నడుస్తూ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ 2020 జనవరిలో ఆపేసింది, మెషిన్ కంపెనీ వాళ్లు అప్‌డేట్ చేయొద్దంటారు. మీరు ఈ వీల్యాన్ల పని పెట్టుకోవడానికి నా లెక్కలో ఇదే అసలు కారణం. రిసెప్షన్‌లో ఎవరో పెన్ డ్రైవ్ పెడితే వచ్చే వైరస్ అక్కడిదాకా పోకూడదు.

కెమెరాలు తేలిక. ఎన్వీఆర్‌ని (కెమెరా వీడియో రికార్డ్ చేసే బాక్స్), కెమెరాలని ఒకే వీల్యాన్ 30లో పెట్టండి. వేరే వేరేగా పెడితే మొత్తం వీడియో పొద్దస్తమానం రూటర్ గుండా తిరుగుతుంది, 16 కెమెరాలు ఒక్కోటి 4 ఎంబీపీఎస్ అనుకున్నా 64 ఎంబీపీఎస్ ఊరికే. పైగా కెమెరాలని ఆటోమేటిక్‌గా వెతికే ఆప్షన్ మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా మెషిన్లకి పంపే పద్ధతి) మీద పని చేస్తుంది, అది వీల్యాన్ దాటదు, ఎన్వీఆర్‌లో కెమెరాలు కనిపించట్లేదు అని మళ్లీ ఇంకో ప్రశ్న వేస్తారు. 30 నుంచి బయటికి అన్నీ ఆపేయండి, ఎన్వీఆర్ ఒక్కదానికి నెట్ ఇవ్వండి, ఓనర్ గారు ఫోన్‌లో చూసుకోవాలి కదా. కెమెరాల టైమ్‌ని ఎన్వీఆర్ నుంచే తీసుకునేలా పెట్టండి. ఒకవేళ మీ ఎన్వీఆర్ వెనకే పీఓఈ పోర్టులుండి కెమెరాలు నేరుగా దానికే తగిలించి ఉంటే అవి ఇప్పటికే వేరే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు, వాటికోసం మీరు స్విచ్‌లో ఏమీ చేయక్కర్లేదు, ఎన్వీఆర్ పోర్టు ఒక్కటి 30లో పెడితే చాలు.

వైఫై యాక్సెస్ పాయింట్ల పోర్టుల దగ్గర చాలామంది తడబడతారు. ఒక యాక్సెస్ పాయింట్ (ఏపీ) మీద స్టాఫ్ వైఫై, పేషెంట్ వైఫై రెండూ రావాలి, అంటే ఆ పోర్టు మీద 10, 40 ట్యాగ్డ్. కానీ ఏపీ తన మేనేజ్‌మెంట్ కోసం తీసుకునే ఐపీ సాధారణంగా ట్యాగ్ లేకుండా వస్తుంది, దానికి ఒక వీల్యాన్ అన్‌ట్యాగ్డ్‌గా ఉండాలి, పీవీఐడీ కూడా అదే. మేనేజ్‌మెంట్‌కి 99 అని ఇంకోటి చేసుకోండి, స్విచ్, ఏపీలు, రూటర్ పేజీ అన్నీ అందులో. ఏపీలో ప్రతి వైఫై పేరు దగ్గరా వీల్యాన్ ఐడీ బాక్స్ ఉంటుంది, అక్కడ 10, 40 కొట్టండి. మీ ఏపీలు మామూలు ఇంటి వైఫై రూటర్లే అయితే వాటిలో ఈ బాక్స్ ఉండదు, అప్పుడు ఒక్కో రూటర్ ఒక్కో వీల్యాన్‌కే పనికొస్తుంది, అవి మార్చేదాకా పేషెంట్లకి ఒకటి విడిగా కేటాయించండి. ఫైబర్ డబ్బా సొంత వైఫైని మాత్రం ఆఫ్ చేసేయండి, ఎవరైనా దానికి కనెక్ట్ అయితే మీరు పెట్టిన రూల్స్ అన్నీ దాటి పక్కనుంచి పోతున్నట్టే.

ఇక చేసే వరుస. ఇది నంబర్లేసి రాయను గానీ వరుస మాత్రం తప్పొద్దు. మొదట కాగితం తీసుకుని 24 పోర్టులూ రాయండి, ఏ పోర్టుకి ఏం తగిలించి ఉంది, ఏ వీల్యాన్, ట్యాగ్డా అన్‌ట్యాగ్డా, పీవీఐడీ ఎంత. కేబుళ్లకి లేబుల్ లేకపోతే ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అదే పని చేయండి, ఆ ఒక్కటి అయితే సగం పని అయిపోయినట్టే. తర్వాత స్విచ్ ఇప్పటి కాన్ఫిగ్ బ్యాకప్ తీసి పెట్టుకోండి. ఆ తర్వాత రూటర్ విడిగా టేబుల్ మీద పెట్టి నాలుగు ఇంటర్‌ఫేస్‌లు (మేనేజ్‌మెంట్ 99తో కలిపి ఐదు), డీహెచ్‌సీపీ అన్నీ సిద్ధం చేసుకోండి. అప్పుడు స్విచ్‌లో రూటర్ పోర్టు ట్యాగ్డ్ చేయండి. ఖాళీ పోర్టు ఒకటి తీసుకుని వీల్యాన్ 10 చేసి ల్యాప్‌టాప్ పెట్టి చూడండి, ఐపీ వచ్చిందా, గేట్‌వే పింగ్ అయిందా, నెట్ వచ్చిందా. అదే పోర్టుని 20, 30, 40కి మార్చి మార్చి చూడండి. నాలుగూ పలికాకే అసలు సిస్టమ్స్ జోలికి వెళ్లండి. పేషెంట్లు ఉండగా పొద్దున పది గంటలకి ఈ పని మొదలెట్టొద్దు అని నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

స్విచ్ మేనేజ్‌మెంట్ వీల్యాన్ మార్చడం అన్నిటికన్నా చివర. మీరు ఏ పోర్టులోంచి స్విచ్ పేజీ చూస్తున్నారో ఆ పోర్టు వీల్యాన్ మారిస్తే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, పేజీ అలా తిరుగుతూ ఉండిపోతుంది. 24వ పోర్టుని దీనికోసమే ఖాళీగా ఉంచుకోండి, 99లో అన్‌ట్యాగ్డ్ పెట్టి ల్యాప్‌టాప్‌కి చేత్తో ఐపీ కొట్టి అక్కడినుంచే మార్చండి. చాలా వెబ్ స్విచ్‌లలో అప్లై నొక్కితే అప్పటికి మాత్రమే మారుతుంది, సేవ్ విడిగా నొక్కాలి. ఇది మనకి మంచిదే, లాక్ అయిపోతే కరెంటు తీసి పెడితే పాత స్థితికి వస్తుంది. అందుకే అన్నీ టెస్ట్ చేసేదాకా సేవ్ నొక్కకండి, టెస్ట్ అయ్యాక నొక్కడం మర్చిపోకండి. రాత్రి కరెంటు పోయి పొద్దున్నే సెంటర్ మొత్తం మళ్లీ వీల్యాన్ 1లోకి వచ్చేసిన చోట్లకి నన్ను పిలిచారు, ప్రతిసారీ కారణం నొక్కని ఆ సేవ్ బటనే. సిస్కో అయితే మార్చే ముందు రీలోడ్ ఇన్ 10 అని కొట్టండి, మీరు బయటపడిపోయినా పది నిమిషాల్లో అదే రీస్టార్ట్ అయి సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, బాగుంటే రీలోడ్ క్యాన్సిల్. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ అని ఉంది, కనెక్షన్ తెగితే చేసిన మార్పులు వెనక్కి పోతాయి. మైక్రోటిక్ తీసుకుంటే ఇంకోటి, బ్రిడ్జ్ మీద వీల్యాన్ ఫిల్టరింగ్ అనే టిక్ చిట్టచివర పెట్టండి, ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో అనే టేబుల్ నింపకముందే టిక్ పెడితే బయట నిలబడతారు.

సెకండ్‌హ్యాండ్ సిస్కో వాళ్లకి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఇదే ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత సిస్కో 3560 స్విచ్ ఒకటి చవగ్గా దొరికింది, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు, గట్టి సరుకు, ఫ్యాన్ మోతకి మీరు సిద్ధంగా ఉంటే. కానీ కాన్ఫిగ్ చెరిపేసినా పాత వీల్యాన్లు పోవు, అవి ఫ్లాష్‌లో వీల్యాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైల్‌లో ఉంటాయి, అది కూడా డిలీట్ చేసి రీస్టార్ట్ చేయాలి. వీటీపీ అనే పాత ప్రోటోకాల్ ఒకటుంది, పాత స్విచ్‌లో డొమైన్ పేరూ పాస్‌వర్డూ మీ నెట్‌వర్క్‌వే అయి, దాని రివిజన్ నంబర్ ఎక్కువ ఉంటే, తగిలించగానే దాని వీల్యాన్ లిస్టు మీ మిగతా స్విచ్‌లన్నిటి మీదా ఎక్కి కూర్చుంటుంది, మీవి మాయం. ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో పెట్టేసి దాని సంగతి మర్చిపోండి. 3560లో ట్రంక్ మోడ్ కమాండ్ తీసుకోకపోతే ముందు ఎన్‌క్యాప్సులేషన్ డాట్ 1 క్యూ అని కొట్టాలి, అది ఐఎస్ఎల్ అనే సిస్కో సొంత పాత పద్ధతి కూడా తెలిసిన తరం స్విచ్. 2960లో ఆ కమాండే ఉండదు, కంగారు పడకండి.

ఇంకోటి, ఇది కొత్తవాళ్లనీ పాతవాళ్లనీ సమానంగా కొడుతుంది. ట్రంక్ మీద 10, 20, 30 అలౌడ్ అని ఉంది, ఇప్పుడు 40 కలపాలి. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40 అని కొడితే 40 కలవదు, పాత మూడూ పోయి 40 ఒక్కటే మిగులుతుంది. వీల్యాన్ తర్వాత యాడ్ అనే మాట ఉండాలి. ఆ మూడక్షరాల ముక్క మరిచిపోయి మొత్తం ఫ్లోర్ పడగొట్టిన పెద్ద పెద్ద ఇంజినీర్లున్నారు.

రూటర్‌లో రూల్స్ విషయం మర్చిపోకండి. మైక్రోటిక్‌లో గానీ లేయర్ 3 స్విచ్‌లో గానీ ఇంటర్‌ఫేస్‌లకి ఐపీ ఇచ్చిన వెంటనే, మీరు విడిగా ఆపకపోతే, వీల్యాన్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడేసుకుంటాయి. అంటే విడగొట్టింది మొత్తం కలిసిపోయినట్టే, పేషెంట్ ఫోన్ నుంచి ల్యాబ్ సర్వర్ పింగ్ అవుతుంది. పీఎఫ్‌సెన్స్‌లో దీనికి రివర్స్, కొత్త ఇంటర్‌ఫేస్‌కి రూల్ రాసేదాకా ఏదీ కదలదు, ఐపీ వస్తుంది నెట్ రాదు, అక్కడ కూడా జనం స్విచ్‌నే తిడతారు. పేషెంట్ వైఫైకి నేను రాసేది ఈ వరుసలో: డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుని ఐపీగా మార్చే సర్వీసు) కోసం గేట్‌వేకి అనుమతి, తర్వాత 192.168, 10, 172.16 నుంచి 172.31 దాకా ఉన్న ప్రైవేట్ రేంజ్‌లన్నిటికీ ఆపు, తర్వాత మిగతా అంతా అనుమతి. వరుస మారితే అర్థం మారుతుంది. ఏపీలో క్లయింట్ ఐసోలేషన్ కూడా ఆన్ చేయండి, ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు ఫోన్లని రూటర్ ఆపలేదు కదా.

ప్రింటర్. వీల్యాన్లు చేసిన మర్నాడు వచ్చే మొదటి ఫోన్ కాల్ ఎప్పుడూ ప్రింటర్ గురించే. ఫోన్ నుంచి, ల్యాప్‌టాప్ నుంచి ప్రింటర్ దానంతటదే కనిపించేది ఎండీఎన్ఎస్ అనే వెతికే పద్ధతి వల్ల, అది వీల్యాన్ దాటదు. రిపోర్టులు ప్రింట్ చేసేవాళ్లు 10లో ఉంటే ప్రింటర్ కూడా 10లోనే పెట్టేయండి, పెద్ద ఆలోచన వద్దు. ల్యాబ్ నుంచి కూడా కావాలంటే ప్రింటర్‌కి ఐపీ ఫిక్స్ చేసి, 20 నుంచి ఆ ఐపీ 9100 పోర్టుకి రూల్ ఇచ్చి, సిస్టమ్‌లో ఐపీ కొట్టి ప్రింటర్ యాడ్ చేయండి. ఎండీఎన్ఎస్ రిపీటర్ అని ఆప్షన్ ఉంటుంది గానీ ఒక ప్రింటర్ కోసం అది అక్కర్లేదు.

పై ఫ్లోర్‌లో ఉన్న పాత మామూలు స్విచ్‌ని పారేయాలా అన్నారు. వద్దు, దాన్ని ఒక అన్‌ట్యాగ్డ్ పోర్టుకి తగిలిస్తే దాని కింద ఉన్నవన్నీ ఆ ఒక్క వీల్యాన్‌లోకి వస్తాయి, పని చేస్తుంది. పైన రెండు వీల్యాన్లు కావాలంటే మాత్రం అక్కడ కూడా వీల్యాన్ తెలిసిన చిన్న 8 పోర్టుల స్విచ్ పెట్టాలి. మామూలు స్విచ్ మీదుగా ట్యాగ్డ్ ఫ్రేమ్‌లు పంపితే చాలాసార్లు వెళ్తాయి, కానీ ట్యాగ్ చూసి విడగొట్టే పని అది చేయదు, ఆ దారి పట్టకండి. రెండు స్విచ్‌ల మధ్య లింక్‌లో రెండు వైపులా అన్‌ట్యాగ్డ్ వీల్యాన్ ఒకటే ఉందా చూడండి, ఒకవైపు 1, ఇంకోవైపు 99 ఉంటే రెండు వీల్యాన్లు లోపల్లోపల అంటుకుపోతాయి, వెతకడానికి చిరాకు పుట్టించే తప్పు అది.

ఇక తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా అంటే, సిస్టమ్‌కి వచ్చిన ఐపీయే చెప్తుంది. 169.254తో మొదలైందంటే డీహెచ్‌సీపీ దాకా చేరలేదు, రూటర్ పోర్టు ట్యాగ్ గానీ రూటర్‌లో డీహెచ్‌సీపీ గానీ చూడండి. వేరే వీల్యాన్ రేంజ్ వచ్చిందంటే పీవీఐడీ. సరైన ఐపీ వచ్చి గేట్‌వే పింగ్ అయి నెట్ లేదంటే రూల్స్ గానీ నాట్ గానీ డీఎన్ఎస్ గానీ, 8.8.8.8 (గూగుల్ వాళ్ల ఐపీ) పింగ్ అయితే డీఎన్ఎస్ అని తేలిపోతుంది. చేత్తో ఐపీ కొట్టినా గేట్‌వే పింగ్ కాలేదంటే మళ్లీ స్విచ్‌కి రండి. అన్నీ బాగున్నా స్విచ్ ఆన్ చేశాక అర నిమిషం ఐపీ రాకుండా తర్వాత వస్తోందంటే అది స్పానింగ్ ట్రీ (కేబుళ్లు చుట్టు తిరిగి లూప్ కాకుండా కాపాడే ఫీచర్), పాత పద్ధతిలో పోర్టు పలకడానికి 15 సెకన్లు వినడం, 15 సెకన్లు నేర్చుకోవడం అని 30 సెకన్లు తీసుకుంటుంది, సిస్టమ్స్ ఉన్న పోర్టుల్లో ఎడ్జ్ పోర్ట్ గానీ పోర్ట్‌ఫాస్ట్ గానీ ఆన్ చేయండి. స్పానింగ్ ట్రీని మొత్తం ఆఫ్ చేయకండి, ఎవరో ఖాళీగా వేలాడుతున్న కేబుల్ రెండో కొన కూడా స్విచ్‌లోనే పెడితే సెంటర్ మొత్తం కూలిపోతుంది.

ఇదంతా మీకు అవసరమా అంటే, అవసరమే. పది సిస్టమ్స్ ఉన్న కిరాణా హోల్‌సేల్ షాపువాళ్లు అడిగితే నేను వద్దంటాను, గెస్ట్ వైఫై ఆన్ చేసుకుని ఊరుకోమంటాను. మీ దగ్గర పేషెంట్ల రిపోర్టులున్నాయి, అప్‌డేట్ కాని సిస్టమ్స్ ఉన్నాయి, బయటివాళ్లు వాడే వైఫై ఉంది, మూడూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి చేయండి. కానీ నాలుగూ, మేనేజ్‌మెంట్ ఐదూ, అక్కడితో ఆపండి. వీల్యాన్ తేలిగ్గా వస్తుంది కదా అని ఫ్లోర్‌కొకటి, డాక్టర్‌కొకటి చేసుకుంటూ పోతే రూల్స్ టేబుల్ చూసి మీకే భయమేస్తుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది, అన్ని పోర్టులనీ తిరిగి వీల్యాన్ 1లో, పీవీఐడీ 1లో పెట్టి సెంటర్ నడిపించుకోండి. రూటర్ వచ్చాక మొదలెడదాం. ఏ రూటర్ తీసుకుంటున్నారో, స్విచ్ మోడల్ ఏంటో, ల్యాబ్ మెషిన్లకి ఇప్పుడున్న ఐపీలు, గేట్‌వే ఏంటో ఇక్కడ రాస్తే పోర్టుల టేబుల్ నేను వేసి పెడతాను. స్విచ్ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు సీరియల్ నంబర్, పబ్లిక్ ఐపీ కనిపించకుండా చెరిపి పెట్టండి.